ఏ కాయితం మీద పట్టుకుంటున్నరు సారూ?

(చిరు వ్యాపారులు, ఉద్యోగులు, విద్యార్థులు కలిసి కూర్చున్న సదస్సులో ఒక పాత్రికేయుడు చేసిన ప్రసంగ పాఠం)



వ్యాపార స్వేచ్ఛ అనంగనే మనకు పెద్ద పెద్ద కంపెనీలు, సెజ్‌లు, షేర్ మార్కెట్లు యాదికొస్తయి. అది మన ముచ్చట కాదు, షావుకార్ల ముచ్చట అని పక్కకు పెడతం. నేను మాట్లాడేది ఆ స్వేచ్ఛ గురించి కాదు. బెల్లం, కూరగాయలు, బీడీలు, బొగ్గు, పండ్లు, ఇప్పపువ్వు. పొద్దున లేస్తే పేదోని ఇంట్ల కావాల్సిన సరుకులు ఇవి. వీటిని అమ్ముకొని బతికేటోని మీద సర్కారు అధికారి చెయ్యి ఎంతదాక పోవచ్చు, ఎక్కడ ఆగాలె? నా మాట అంతా ఈ గీత గురించే.

ఈ గీత ఎక్కడున్నదో తెలియకనే మన బజార్ల సగం పెత్తనం నడుస్తున్నది. బండి గుంజుకపోతరు, రసీదు ఉండది. గోదాం సీలేస్తరు, కారణం రాసియ్యరు. రోజూ పది, ఇరవై వసూలు చేస్తరు, ఏ పద్దు కింద అంటే ఉరిమి చూస్తరు. పోగొట్టుకున్నోడు కోర్టుకు పోడు. రెండు వేల సరుకు కోసం రెండేండ్లు ఎవరు తిరుగుతరు? అందుకని దండం పెట్టి, ఎంతో కొంత చేతిల పెట్టి బయటపడతడు. మర్నాడు ఇంకొకని వంతు.

తొంభై తొమ్మిది పైసలు కాదు, ఊరికే

ఇది మనకు కొత్త కాదు. నిజాం జమానాల వెట్టి అంటే మాదిగ, చాకలి, మంగలి, కుమ్మరి చేసిన చాకిరీ ఒక్కటే కాదు. ఊరికి అమీన్ సాబ్ వచ్చినా, తాసిల్దార్ వచ్చినా, గిర్దావర్ వచ్చినా వాళ్ల డేరాకు బియ్యం, పప్పు, నెయ్యి, చింతపండు కోమటి దుకాణం నుంచి పోవాలె. పైసలు అడిగితే గుర్రుమంటరు. చట్టంల ఉన్నదా? లేదు. వెట్టి వద్దని సర్కారు ఇచ్చిన ఫర్మానాలు, గస్తీలు కచేరీ బీరువలల్ల ఉన్నయి. ఊర్లె మాత్రం దుకాణదారు బస్తా మూతి ఇప్పాల్సిందే.

1921ల హైదరాబాద్ వివేకవర్ధని థియేటర్ల జరిగిన సభల తెలుగుల మాట్లాడిన అల్లంపల్లి వెంకటరామారావును ఎగతాళి చేసి కూసోబెట్టిన సంగతి మనందరికీ తెలిసిందే. ఆ అవమానం నుంచి పుట్టింది ఆంధ్ర జనసంఘం. గ్రంథాలయాలు పెట్టింది, శాసనాలు సేకరించింది అని చదువుకున్నం. అయితే మాడపాటి హనుమంతరావు పంతులు, ఆయన మిత్రులు చేపట్టిన తొలినాటి పనులల్ల ఇంకొకటి ఉన్నది. వర్తకుల మీద అధికారుల జులుం సంగతి. 'వర్తక స్వాతంత్ర్యము' పేరుతోటి సంఘం ఒక చిన్న పుస్తకం అచ్చేసింది. సర్కారు నిబంధనలు ఏం చెప్తున్నయో దుకాణదారుకు అర్థమయ్యే భాషల తెలియజెప్పే ప్రయత్నం అది.

వాళ్లు ఆనాడు కొత్త చట్టం కావాలని తుపాకి పట్టలేదు. ఉన్న కాయితాన్నే తెలుగుల ముద్రించి దుకాణదారు చేతిల పెట్టిన్రు. సర్కారు మాటనే సర్కారు నౌకరుకు చూపిచ్చే ధైర్యం ఇచ్చిన్రు. తర్వాత 1929ల సభలు పెట్టుకోవాలంటే ముందే ఇజాజత్ కావాలని గస్తీ నిషాన్ 53 తెచ్చిన ఆ రాజ్యంల ఇది చిన్న పని కాదు. నిబంధన తెలిసిన మనిషి వంగి నిలబడడు. పెత్తనానికి ఉండే భయమంతా ఆ మనిషి తోటే.

రాజ్యాంగం గీసిన గీత

ఇయ్యాల మన చేతిల ఫర్మానా కన్నా పెద్ద కాయితం ఉన్నది. రాజ్యాంగం 19(1)(జి) అధికరణం. ఏ వృత్తి అయినా, ఏ వ్యాపారమైనా చేసుకొనే హక్కు ప్రతి పౌరునికి ఉన్నదని చెప్తది. దాని పక్కనే 19(6) ఉన్నది. ప్రజల మేలు కోసం సర్కారు ఆంక్షలు పెట్టొచ్చని అది చెప్తది. అధికారులు రెండోది గట్టిగ పట్టుకుంటరు, మొదటిది మర్చిపోతరు. కాని ఆ రెండోదాంట్ల కూడ మూడు షరతులు ఉన్నయి. ఆంక్ష చట్టం ద్వారా రావాలె. అది ప్రజల మేలు కోసం ఉండాలె. సహేతుకంగ ఉండాలె. ఈ మూడిట్ల ఏ ఒక్కటి లేకపోయినా ఆ ఆంక్ష చెల్లదు.

దీనికి తోడు 265వ అధికరణం ఉన్నది: చట్టం లేకుంట పన్ను వసూలు చెయ్యొద్దు. 300-ఎ ఉన్నది: చట్టం అండ లేకుంట ఎవ్వని ఆస్తి గుంజుకోవద్దు. ఆస్తి అంటే భూమి, బంగ్లానే కాదు. తోపుడు బండి ఆస్తే. దాని మీద ఉన్న బత్తాయిలు ఆస్తే. తక్కెడ, బాట్లు ఆస్తే.

ఈ మాటలకు ప్రాణం పోసినోళ్లు పెద్ద పెద్ద ఫ్యాక్టరీల ఆసాములు కాదు. సుప్రీంకోర్టు 1950 జనవరిల మొదలైంది. మొదటి నాలుగేండ్లల్ల ఈ హక్కు కోసం దాని తలుపు కొట్టినోళ్లను చూస్తే మీకే తెలుస్తది. కూరగాయల వ్యాపారి, బీడీ కార్మికుడు, బొగ్గు అమ్మేటోడు. ఆ కేసులను నాలుగు ప్రశ్నల కింద చెప్త. రేపు మీ బండి దగ్గరికి ఎవలన్నా వస్తే ఈ నాలుగు ప్రశ్నలే అడగాలె.

మొదటి ప్రశ్న: ఏ చట్టం?

ఉత్తరప్రదేశ్ల జలాలాబాద్ అనే చిన్న పట్నం. అక్కడ మహమ్మద్ యాసిన్ అనే టోకు కూరగాయల వ్యాపారి. టౌన్ ఏరియా కమిటీ ఉపవిధులు చేసి లైసెన్స్ ఫీజు పెట్టింది. ఆయన వ్యాపారం చేసేది సొంత దుకాణంల, కమిటీ జాగల కాదు. కమిటీ జాగను వాడుకుంటే ఫీజు తీసుకొనే అధికారం చట్టంల ఉన్నది. సొంత దుకాణంల అమ్ముకునేటోని దగ్గర వసూలు చేసే అధికారం ఎక్కడా లేదు. 1952ల సుప్రీంకోర్టు ఏమన్నది? చట్టం అండ లేని ఫీజు కట్టమని బలవంతం చేసుడు అంటే వ్యాపార హక్కును కాలరాసుడే అన్నది. ఫీజు చిన్నదా పెద్దదా అనేది లెక్క కాదు. చట్టం ఉన్నదా లేదా అన్నదే లెక్క.

మన బజార్ల 'తైబజార్' పేరు మీద, 'పార్కింగ్' పేరు మీద వసూలు చేసే మనిషిని ఒక్కసారి అడిగి చూడుండ్రి. ఏ తీర్మానం, ఎంత రేటు, ఏ తేదీ నుంచి? నిజమైన వసూలు అయితే రసీదు బుక్కు మీద ముద్ర ఉంటది. లేకపోతే గొంతు పెద్దగైతది. గొంతు పెరిగిందంటే కాయితం లేదని అర్థం.

రెండో ప్రశ్న: అందరినీ ఎందుకు ఆపుతున్నరు?

మధ్యప్రదేశ్ల సాగర్ జిల్లా. 1948ల ఒక చట్టం తెచ్చిన్రు. వ్యవసాయం పనుల కాలంల కొన్ని ఊర్లల్ల బీడీలు చుట్టొద్దు. ఎందుకంటే పొలాలల్ల కూలీలు దొరుకుతలేరు. డిప్యూటీ కమిషనర్ ఆర్డర్ తీసిండు. కోర్టుకు పోయినోళ్లల్ల ఒకాయన బీడీ కంపెనీ యజమాని, ఇంకొకాయన అందుల పనిచేసే మనిషి. చింతామన్ రావు కేసు అంటరు. 1950 నవంబర్ల తీర్పొచ్చింది. పొలాలకు కూలీలు కావాలన్న ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని పొలం పని చెయ్యలేని వికలాంగులు, ముసలోళ్లు, ఇంట్ల నుంచి కదలలేని ఆడోళ్లు కూడ బీడీలు చుట్టొద్దంటే ఎట్ల? ఉద్దేశానికి ఎంత అవసరమో అంతకు మించి ఆంక్ష పెట్టొద్దు అని ఆ చట్టాన్ని కొట్టేసిన్రు.

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చిన చెల్లెండ్లకు ఈ తీర్పు ఎందుకు చెప్తున్ననో వేరే చెప్పాల్సిన పని లేదు. మీ అమ్మలు చాటల తునికాకు పెట్టుకొని చుట్టిన బీడీల మీదనే మీ ఫీజులు కట్టిన్రు. ఎక్కడ్నో సాగర్ జిల్లాల గెలిచిన ఆ కేసుల సూత్రం ఇయ్యాల దేశమంతటా నడుస్తున్నది. ఒకడు తప్పు చేస్తడని వందమంది చేతులు కట్టెయ్యొద్దు.

మూడో ప్రశ్న: నిర్ణయం ఎవరిది, కారణం ఏంది?

కాన్పూర్ల బొగ్గు డిపో నడిపే వ్యాపారి. 1953ల ఉత్తరప్రదేశ్ సర్కారు బొగ్గు కంట్రోల్ ఆర్డర్ తెచ్చింది. లైసెన్స్ ఇచ్చుడు, ఇయ్యకపోవుడు, రద్దు చేసుడు అంతా అధికారి ఇష్టం. ఏ లెక్కన ఇయ్యాలె, ఏ లెక్కన తీసెయ్యాలె అనే నియమం ఒక్కటి లేదు. పైగా ఆ అధికారం తనకు నచ్చినోనికి అప్పజెప్పొచ్చు. కారణం రాసి పెట్టాలని ఉన్నది గాని, అది చూసి తప్పొప్పులు చెప్పే పై అధికారి లేడు. 1954 జనవరిల ద్వారకా ప్రసాద్ కేసుల సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. అదుపు లేని అధికారం సహేతుకమైన ఆంక్ష కాదన్నది.

ఇది ఉద్యోగ మిత్రులు మనసుల పెట్టుకోవాల్సిన తీర్పు. సరుకు మీద కంట్రోల్ పెట్టొద్దని కోర్టు అనలేదు. బొగ్గు కొరత ఉన్నప్పుడు కంట్రోల్ అవసరమే. కాని కంట్రోల్ అంటే నియమం. ఒక మనిషి మూడ్ కాదు. మంచి అధికారి ఉంటే బతుకుడు, చెడ్డ అధికారి వస్తే చచ్చుడు అయితే అది చట్టపాలన కాదు, అదృష్టం.

దీనికి రెండో దిక్కు కూడ ఉన్నది. అదే యూపీల కైరానా మున్సిపల్ బోర్డు. టోకు కూరగాయల వ్యాపారం చెయ్యాలంటే బోర్డు ఇజాజత్ కావాలన్నది. బోర్డేమో ఆ వ్యాపారమంతా ఒకే ఒక్క కాంట్రాక్టరుకు రాసిచ్చింది. రెండేండ్ల నుంచి వ్యాపారం చేసుకుంటున్న రషీద్ అహ్మద్‌కు ఇజాజత్ దొరకదు, చేస్తే కేసు. 1950 మే నెలల, అంటే సుప్రీంకోర్టు పుట్టిన నాలుగు నెలలకే, అది చెల్లదని తీర్పు వచ్చింది. 'ప్రజల మేలు' అనే ముసుగు కింద ఒకని కిస్సా నింపే పని ఆనాడే మొదలైందన్నమాట. ఇయ్యాల ఏ బజారు ఖాళీ చేయిస్తున్నా, ఖాళీ అయినంక ఆ జాగ ఎవరికి పోతున్నదో చూడాలె.

నాలుగో ప్రశ్న: రుజువు ఏది?

ఇగ బెల్లం దగ్గరికొస్త. ఇది మన గడ్డ మీది కేసు.

తెలంగాణల చెరుకు రైతు బతుకు ఎట్ల తెల్లారిందో మీకు తెలుసు. 1930లల్ల పుట్టిన బోధన్ నిజాం షుగర్స్‌ను 2002ల ఉమ్మడి సర్కారు ప్రైవేటు చేతిల పెట్టింది. సొంత రాష్ట్రం వచ్చినంక 2015 డిసెంబర్ల అది మూతపడ్డది. ఫ్యాక్టరీ లేని కాడ చెరుకు రైతుకు దిక్కు గానుగనే. ఒకప్పుడు కామారెడ్డి బెల్లం మార్కెట్ అంటే చుట్టుపక్కల జిల్లాలల్ల పేరు. అటువంటి బెల్లం మీద పడ్డది 'నల్లబెల్లం' అనే ముద్ర.

గుడుంబాకు బెల్లం కావాలె, నిజమే. గుడుంబా మన పల్లెల ఉసురు తీసింది, అది కూడ నిజమే. భర్తను, కొడుకును పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి వ్యాపార స్వేచ్ఛ గురించి ఉపన్యాసం చెప్పే ధైర్యం నాకు లేదు. గుడుంబా కాసేటోన్ని, అది తెలిసి సరుకు సప్లై చేసేటోన్ని పట్టుకోవాల్సిందే. ఈ విషయంల ఇద్దరం లేము.

కాని చట్టం ఏం చెప్తున్నదో చూద్దాం. 1968 ఎక్సైజ్ చట్టం 34(ఇ) సెక్షన్ ప్రకారం, మత్తు పదార్థం తయారు చేసేటందుకు సామాన్లు, పదార్థాలు దగ్గర పెట్టుకుంటే నేరం. 'తయారు చేసేటందుకు' అన్న మాటల్నే ఉన్నది కీలకమంతా. బెల్లం ఉన్నది కాబట్టి నేరం కాదు. గుడుంబా కోసం ఉన్నదని సర్కారు చూపిస్తే నేరం. పక్కన పటిక, అమ్మోనియా ఉన్నయా, కొన్నోడు ఎవరు, ఎటు పోతున్నది, రాత్రిపూట దొంగదారిల పోతున్నదా, లెక్క పుస్తకంల రాసిన్రా? ఇవన్నీ కలిపి రుజువు అయితది. రంగు ఒక్కటే రుజువు కాదు.

కరీంనగర్ జిల్లా బెల్లం వ్యాపారుల గొడవ 2001ల ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచి దాక పోయింది. బెల్లం ఆహార పదార్థం, దానంతట అది మత్తు పదార్థం కాదు. అట్లని గుడుంబాకు పోతున్నదనే ఆధారం దొరికితే వ్యాపారి తప్పించుకొనే దారీ లేదు. రెండు మాటలను కలిపే చదువుకోవాలె. ఎక్సైజోళ్లు మొదటిది మర్చిపోతే రైతు చస్తడు. వ్యాపారులు రెండోది మర్చిపోతే ఊరు చస్తది.

రంగు సంగతి కూడ కొంచెం చెప్పాలె. ఉప్పుపట్టిన నేలల పెరిగిన చెరుకు, రసం సరిగ తేర్చకపోవుడు, ఎక్కువ కాగుడు, వానకు చెమ్మ తగులుడు... బెల్లం నల్లబడేటందుకు ఎన్నో కారణాలున్నయి. బంగారం లెక్క మెరిసే బెల్లం కావాలంటే చాన చోట్ల హైడ్రోస్ మందు కలుపుతరు. అంటే ఏమైతున్నది? మందు కలిపిన పచ్చబెల్లం సాఫీగ బజారుకు పోతది. మందు కలపని రైతు బెల్లం నల్లగుందని నాకా దగ్గర ఆగుతది. తినే మనిషి ఆరోగ్యం కోసం ఉన్న అధికారం తినే మనిషికే చెరుపు చేస్తున్నది. రంగు చూసి కేసు పెట్టే పద్ధతికి ఇంతకన్న పెద్ద ఎక్కిరింపు ఏమున్నది?

మేడారం ముచ్చట చూడుండ్రి. సమ్మక్క సారలమ్మకు మనం ఇచ్చే 'బంగారం' బెల్లమే. నిలువెత్తు తూకం తూగి మొక్కు చెల్లిస్తం. 2024 జాతర ముందు బెల్లం కొనేటోళ్ల ఆధార్, ఫోన్ నంబర్ రాసుకోవాలనే పద్ధతి పెట్టిన్రు. అమ్మకం బంద్ పెట్టుడు కన్న పేరు రాసుకొనుడు మెత్తటి ఆంక్షనే, ఒప్పుకుంట. కాని ఇక్కడ కూడ అవే ప్రశ్నలు. ఏ చట్టం కింద? ఎన్ని కిలోలు దాటితే? ఆ వివరాలు ఎవరి దగ్గర ఉంటయి, ఎన్నిరోజులు? అమ్మవారి మొక్కు కోసం అయిదు కిలోలు కొనే ముసలవ్వ పేరు ఎక్సైజ్ రిజిస్టర్ల ఎందుకు ఉండాలె? దీనికి జవాబు అడుగుడు జాతరకు అడ్డం కాదు, గుడుంబాకు వత్తాసు కాదు.

ఫుట్‌పాత్ ఎవని అబ్బ సొత్తు కాదు

ఇగ పట్నం సంగతి. ఫుట్‌పాత్ మీద అమ్ముకునుడు దయాధర్మం మీద నడిచే పని అని చానమంది అనుకుంటరు. 1989ల సోదన్ సింగ్ కేసుల సుప్రీంకోర్టు రోడ్డు పక్క అమ్మకం కూడ 19(1)(జి) కిందికే వస్తదని చెప్పింది. నడిచేటోళ్లకు అడ్డం కాకుంట నియంత్రించొచ్చు గాని, అది హక్కే కాదనొద్దు. ఆ తీర్పు చట్టం రూపం ఎత్తేటందుకు ఇరవై అయిదేండ్లు పట్టింది. వీధి వ్యాపారుల చట్టం 2014 మే 1 నుంచి అమల్లకొచ్చింది. అంటే మన రాష్ట్రం కన్న నెల రోజులు పెద్దది.

అందుల ఏమున్నదో మన బండ్లోళ్లలో ఎంతమందికి తెలుసు? సర్వే చేసి, సర్టిఫికెట్లు ఇచ్చేదాక ఎవ్వరిని లేపొద్దు అని 3వ సెక్షన్ చెప్తది. లేపాలన్నా, వేరే జాగకు మార్చాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇయ్యాలె. టౌన్ వెండింగ్ కమిటీల నూటికి 40 మందికి తక్కువ కాకుంట వీధి వ్యాపారులే ఎన్నికై ఉండాలె, అందుల మూడోవంతు ఆడోళ్లు. సరుకు పట్టుకుంటే లిస్టు రాసియ్యాలె. వ్యాపారి వచ్చి అడిగితే, పాడయ్యే సరుకు అయితే అదే రోజు, పాడుగానిది అయితే రెండు పనిదినాలల్ల వాపస్ ఇయ్యాలె. ఫీజు తీసుకోవచ్చు గాని సరుకు మింగొద్దు. సర్టిఫికెట్ షరతుల ప్రకారం అమ్ముకునేటోన్ని పోలీసులు గాని ఇంకెవలు గాని అడ్డుకోవద్దని 27వ సెక్షన్ల స్పష్టంగ ఉన్నది. తప్పు చేసిన వ్యాపారికి జరిమానా రెండు వేలకు మించొద్దు.

ఇగ ఇప్పుడు చెప్పుండ్రి. టమాటలు లారీల ఎత్తిపోసి డంపింగ్ యార్డుల పారబోసుడు ఏ సెక్షన్ కింద జరుగుతున్నది? తక్కెడ ఇరగ్గొట్టుడు ఏ సెక్షన్? నూటికి అయిదు వడ్డీకి గిర్గిర్ అప్పు తెచ్చి పొద్దుగాల మార్కెట్ల సరుకు ఎత్తుకున్న అక్కకు ఆ గంప ఒక్కటే పెట్టుబడి. అది పోతే సాయంత్రం అప్పు కట్టే దారి లేదు, మర్నాడు సరుకు తెచ్చే దారి లేదు. అధికారికి అది 'స్పెషల్ డ్రైవ్'. ఆమెకు అది ఇల్లు కూలుడు.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట

ఇక్కడ కూసున్న ఉద్యోగులు నొచ్చుకోవద్దు. 2011ల సకల జనుల సమ్మెల 42 రోజులు జీతాలు వదులుకొని నిలబడ్డది మీరే. ఆ రోజులల్ల దుకాణాలు బంద్ పెట్టి మీ వెంట నడిచింది ఈ చిరు వ్యాపారులే. ఆ బంధం యాది పెట్టుకొనే ఈ మాటలు అంటున్న.

కల్తీ నూనె అమ్మేటోన్ని, తూకంల మోసం చేసేటోన్ని, కరువుల బియ్యం దాచేటోన్ని వదలిపెట్టమని ఎవ్వరం అనం. తనిఖీ లేని బజారు పేదోనికే శాపం. కల్తీ పాలు తాగేది మన పిల్లలే. కాని తనిఖీ చేసేటోనికి కూడ చట్టం లెక్కలు పెట్టింది. ఆహార భద్రత చట్టం 2006 చూడుండ్రి. శాంపిల్ తీసుకుంటే దాని ధర దుకాణదారుకు కట్టియ్యాలె. ఊరికే, కారణం లేకుంట వేధించేటందుకు సరుకు పట్టుకున్న అధికారి మీద లక్ష రూపాయల దాక జరిమానా వెయ్యొచ్చని 39వ సెక్షన్ చెప్తది. నిత్యావసర సరుకుల చట్టం 1955 కింద సరుకు జప్తు చెయ్యాలన్నా ముందు రాతపూర్వకంగ నోటీసు ఇచ్చి, వ్యాపారి జవాబు వినాలె. 2024 జులై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్ష సంహిత వచ్చింది. దాని 105వ సెక్షన్ ప్రకారం పోలీసులు సోదా చేసినా, సరుకు పట్టుకున్నా వీడియో తియ్యాలె, ఆలస్యం చెయ్యకుంట మేజిస్ట్రేట్‌కు పంపాలె.

పై నుంచి టార్గెట్లు వస్తయి, ఈ నెల ఇన్ని కేసులు చూపించు అంటరు అని మీరు చెప్పే బాధ నిజమే. కాని కేసుల సంఖ్య కోసం కొట్టే దెబ్బ ఎప్పుడూ బలహీనుని మీదనే పడతది. పెద్ద గోదాంకు వకీలు ఉంటడు, గంపకు ఉండడు. నిబంధన ప్రకారం నోటీసు రాసి, పంచనామా చేసి, రసీదు ఇచ్చిన ఉద్యోగిని ఏ వ్యాపారీ తిట్టడు, ఏ కోర్టూ తప్పు పట్టది. నిబంధన వ్యాపారికి ఎంత రక్షణనో నిజాయితీ ఉన్న ఉద్యోగికి కూడ అంతే రక్షణ.

ఏం చెయ్యాలె?

ఊరికే తిట్టి పోతే ఈ సభకు అర్థం లేదు. మనం చెయ్యగలిగిన పనులు కొన్ని చెప్త.

ఒకటి. ముందు మన కాయితాలు మనం సరిగ పెట్టుకోవాలె. ఆహార రిజిస్ట్రేషన్, వెండింగ్ సర్టిఫికెట్, ముద్ర కొట్టిన బాట్లు, కొన్న బిల్లు. బెల్లం వ్యాపారి కొన్నోని వివరాలు, కిలోలు పుస్తకంల రాయాలె. చేతులు శుభ్రంగ ఉన్నోని గొంతుకే బలం.

రెండు. సరుకు పట్టుకుంటే కొట్లాటకు దిగొద్దు. లిస్టు అడగాలె. అధికారి పేరు, హోదా, తేదీ, టైం రాసుకోవాలె. ఫోటో తియ్యాలె. అదేరోజు వాపస్ కోరుతూ దరఖాస్తు పెట్టి, నకలు మీద ముద్ర ఏయించుకోవాలె. చట్టంల గడువు మొదలయ్యేది మీరు అడిగినప్పటి నుంచే.

మూడు. మామూలు సంగతి. 2018ల అవినీతి నిరోధక చట్టం మార్చిన్రు. లంచం ఇచ్చినోడు కూడ నేరస్తుడే. బలవంతం మీద ఇయ్యాల్సి వస్తే ఏడు రోజుల లోపల ఫిర్యాదు చేస్తేనే రక్షణ. ఏసీబీ నంబర్ 1064. ఒక్కడు పోతే భయం, సంఘం పోతే బలం.

నాలుగు. సమాచార హక్కు. మీ పట్నంల సర్వే అయ్యిందా, వెండింగ్ కమిటీ కూసున్నదా, పోయిన ఏడు పట్టుకున్న బండ్లు ఎన్ని, వాపస్ ఇచ్చినయి ఎన్ని? ఒక దరఖాస్తు, 30 రోజుల గడువు. ఈ పని తమ్ముళ్లు, చెల్లెండ్లు మీద ఏసుకోవాలె. వార్డుకు ఇద్దరు చదువుకున్న పిల్లలు నిలబడితే బజారు కథ మారుతది.

అయిదు. వందేండ్ల కింద ఆంధ్ర జనసంఘం చేసిన పనిని మళ్లా చెయ్యాలె. పదహారు పేజీల చిన్న పుస్తకం. వీధి వ్యాపారుల చట్టం, ఎక్సైజ్ సెక్షన్, ఆహార తనిఖీ నియమాలు, ఫిర్యాదు నమూనాలు. మన తెలుగుల, ఉర్దూల. వకీలు మిత్రులు రాసిస్తే, ఉద్యోగ మిత్రులు తప్పులు దిద్దితే, విద్యార్థులు బండి బండికి పంచితే, అయ్యే ఖర్చు ఒక ఫ్లెక్సీ అంత ఉండది.

మిత్రులారా, రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. గద్దె మీది మనుషులు మారుతరు, పార్టీలు మారుతయి. బజార్ల నిలబడ్డ అక్కకు రాజ్యం అంటే ముఖ్యమంత్రి కాదు, తన గంప మీద చెయ్యి ఏసే మనిషి. ఆ చెయ్యి చట్టం చెప్పిన కాడ ఆగిననాడు ఆమెకు స్వరాజ్యం వచ్చినట్టు. అప్పటిదాక మర్యాద తప్పకుంట, గొంతు తగ్గకుంట ఆమె అడగాల్సిన మాట ఒక్కటే: "ఏ కాయితం మీద పట్టుకుంటున్నరు సారూ?" ఆ మాట ఆమె నోట వచ్చినప్పుడు పక్కన మనం నిలబడి ఉండాలె.

 జై తెలంగాణ.